దొరసాని కక్కిన ఎర్ర పోగు

పళ్లమ్మని మనం కిందటి వారం వరండాలో చిన్న బల్ల ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. ఎడమ చేతిలో భూతద్దం, కుడి చేతిలో సన్న పట్టకారు, ఆ పట్టకారు కొసన ఇంత తెల్ల బొచ్చు. ఆ బొచ్చుని చూసి ఆవిడ ఎందుకు కొయ్యబారిపోయిందో తెలియనివాళ్లూ, ఈ వారమే కొత్తగా పత్రిక తెరిచినవాళ్లూ ఉంటారు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు కదులుతాను.

పళ్లమ్మ అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పని ఆవిడది. ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ల నవ్వుల్లో సగం ఆవిడ చేతి చలవే. వాళ్లే కృతజ్ఞత కొద్దీ ఆ పేరు తగిలించారు, అది ఊడిరాకుండా అతుక్కుపోయింది. సెలవు దొరికితే మాత్రం పళ్ల ఊసెత్తదు. మెడలో కెమెరా వేసుకుని గుడ్లగూబల వెంట పడుతుంది. ఊరి చివర మూతపడ్డ నూలుమిల్లులో కాపురం పెట్టిన ఒక జంటకి దొర, దొరసాని అని పేర్లు కూడా పెట్టుకుంది. ఆ దొరసాని ఒక సాయంత్రం మిల్లు కిటికీలోంచి దూసుకొచ్చి, సూటిగా తన ముఖంలోకి చూస్తూ రెక్కలు చాపినప్పుడు తీసిన ఫోటోకి పెద్ద పోటీలో మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేత ఫోన్ చేసి అభినందించి, అందరినీ అడిగే ప్రశ్నేనంటూ ఒకటి అడిగాడు, పక్షికి ఎర ఏమైనా వేశారా అని. పళ్లమ్మ గొంతు కూడా తడబడలేదు. ఎలుక తోకైనా చూపించలేదనీ, దానంతట అదే తన దగ్గరికి వచ్చిందనీ చెప్పింది.

ఆ ఫోన్ పెట్టేసిన సంతోషంలోనే ఉండలు ముందేసుకుని కూర్చుంది. గుడ్లగూబ ఎలుకని నమిలి తినదు, దొరికింది దొరికినట్టు మింగేస్తుంది. అరిగింది ఒంటికి పట్టించుకుని, అరగని బొచ్చునీ ఎముకల్నీ బొటనవేలంత ఉండగా చుట్టి కక్కేస్తుంది. ఈ సరదా ఉన్నవాళ్లు ఆ ఉండల్ని ఏరి తెచ్చి, నీళ్లలో నానబెట్టి, విడదీసి, పక్షి ఏం తిన్నదో చూసుకుంటారు. పొలాల్లో తిరిగే ఎలుకలు మట్టిరంగులో ఉంటాయి. తెల్ల ఎలుక పుట్టేది పంజరంలోనే. దొరసాని ఉండలో తెల్ల బొచ్చు ఉందంటే ఎవరో పంజరం తలుపు తీసి దానికి భోజనం వడ్డిస్తున్నారన్న మాట.

అక్కడ వదిలాం. ఇక వినండి.

ఆ రాత్రి పళ్లమ్మకి కంటి మీద కునుకు లేదు. పక్షులకి ఎర వేసేవాళ్లంటే ఆవిడకి ఒళ్లు మంట. మనిషి చేతి తిండి మరిగిన పక్షి మనిషిని చూసి భయపడటం మానేస్తుంది. ఫోటో తీసేవాడి దగ్గరికి వచ్చినట్టే రాయి విసిరేవాడి దగ్గరికీ వస్తుంది, రోడ్డు మీద లారీ లైట్లకీ ఎదురు వెళ్తుంది. ఇలా ఎంతమందికి పాఠాలు చెప్పిందో ఆవిడకే తెలియదు. అలాంటిది తన దొరసానికే ఎవరో ఆ తిండి అలవాటు చేశారు. పైగా న్యాయనిర్ణేతకి తను చెప్పిన మాట అబద్ధమై కూర్చుంది.

తెల్లారింది, ఆదివారం. మొదటి అనుమానం మొగుడి మీదికి పోయింది. కట్టుకున్నవాడి మీదికి పోవడం అనుమానానికి అలవాటే కదా. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎంత ఎత్తయినా ఎక్కేస్తాడు కానీ వంటింట్లో బొద్దింక కనిపిస్తే అమ్మని పిలుస్తాడు. పళ్లమ్మ నిలదీస్తే పళ్లు తోముకుంటున్నవాడల్లా నురగ నోటితోనే ఒట్టు పెట్టాడు. తను ఎలుకని చూస్తే కుర్చీ ఎక్కే మనిషిననీ, కుర్చీ ఎక్కి ఎర ఎలా వేస్తాననీ అడిగాడు. ఆ మాటలో న్యాయం ఉంది. పళ్లమ్మ బల్ల దగ్గరికి వచ్చి రెండో ఉండ విప్పింది.

దాంట్లోనూ తెల్ల బొచ్చే. పట్టకారుతో దాన్ని పక్కకి లాగుతుంటే చిన్న పుర్రె, దాని కింద గోరులో సగం కూడా లేని లోహపు ముక్క ఒకటి బయటపడ్డాయి. వంచిన ముక్క, ఒక అంచున ఎర్ర రంగు. పళ్లమ్మ దాన్ని పట్టించుకోలేదు. పిల్లల పళ్లు సరిచేయడానికి బిగించే క్లిప్పులు ఆవిడ రోజూ ముట్టుకునే సరుకు. పనిలో వేసుకునే కోటు జేబులోంచి రాలుతూనే ఉంటాయి, ఒకసారి పప్పుగిన్నెలో కూడా దొరికింది. ఇదీ అలాంటిదే అనుకుని సాసరులో పడేసి బొచ్చు మీద పడింది. దొరికిన సాక్ష్యాన్ని తన చెత్తే అనుకుని పారేసే పొరపాటు పళ్లమ్మ తప్ప ఇంకొకరు చేయలేరు.

అప్పుడే అత్తగారు టీ పట్టుకొచ్చింది.

అత్తగారి గురించి కూడా చెప్పాలి. ఉద్యోగం మానేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి అన్నమాటే గానీ విశ్రాంతి ఆవిడ ఛాయలకి రాలేదు. కోడలి గుడ్లగూబల పిచ్చిని రోజుకొకసారైనా వెక్కిరించకపోతే ఆవిడకి తిన్నది అరగదు. పగలంతా పళ్లు, పొద్దుగూకితే ముక్కులు, ఈ ఇంట్లో మనిషి ముఖం చూసేదెవరని అడుగుతుంది. అలా అంటూనే కోడలు మిల్లుకి బయల్దేరితే ఫ్లాస్కు పట్టుకుని వెంట తయారవుతుంది. మోకాళ్లు నొప్పులని చెప్పి గోడ వెనక కూర్చుంటుంది. ఒంటరిగా ఆడపిల్లని పంపడం ఇష్టం లేక వస్తోందని పళ్లమ్మ అందరితో గొప్పగా చెప్పుకుంటుంది.

టీ కప్పు బల్ల మీద పెట్టడానికి వంగిన అత్తగారు సాసరు చూసింది. వంగిన మనిషి నిటారుగా లేవలేదు. అలాగే మెల్లగా గచ్చు మీద కూర్చుండిపోయింది. చేతిలో టీ మాత్రం తొణకలేదు.

"అమ్మాయ్, అదెక్కడిది?"

క్లిప్పు ముక్క అయి ఉంటుందని పళ్లమ్మ తల తిప్పకుండానే చెప్పింది.

"క్లిప్పు కాదు. ఆ భూతద్దం ఇలా ఇవ్వు."

ఆ గొంతు పళ్లమ్మ ఎప్పుడూ వినలేదు. వెక్కిరింత లేదు, సాగదీత లేదు. భూతద్దం ఇచ్చింది. అత్తగారు ఆ ముక్కని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ దొర్లించి చూసింది. ఎర్ర అంచు దగ్గర చూపు ఆగిపోయింది.

"ఇది చెవిపోగు," అంది. "ఎలుకది."

ఎలుకలకి చెవిపోగులేమిటని పళ్లమ్మకి నవ్వొచ్చింది. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగింది. అత్తగారు పనిచేసింది ఎక్కడో గుర్తొచ్చింది. మందులు తయారుచేసే సంస్థలో, పరిశోధనల కోసం పెంచే తెల్ల ఎలుకల గదిలో. పంజరాలు శుభ్రం చేయడం, మేత వేయడం, నీళ్లు మార్చడం, అదీ ఆవిడ ఉద్యోగం. తోక పట్టుకుని ఎలుకని ఎత్తడం ఎంత సులువో పెళ్లైన కొత్తలో కోడలికి చెప్పి హడలగొట్టింది కూడా.

తెల్ల ఎలుకలు. గోడ వెనక కూర్చునే మనిషి. ఫ్లాస్కు పెట్టుకునే ఆ పెద్ద సంచీ.

పళ్లమ్మ చేతిలో పట్టకారు బల్ల మీద పడింది.

"మీరా అత్తయ్యా?"

అత్తగారు కాదనలేదు. ఆవిడకి అప్పుడు కోడలి కోపం పట్టలేదు. అరచేతిలో పోగు వంకే చూస్తూ, పోగు పెట్టని వాటినే ఇమ్మన్నాను, పోగు పెట్టని వాటినే అని రెండుసార్లు అంది. ఈవిడ ఏదో నేరం ఒప్పుకుంటోందని పళ్లమ్మకి అర్థమైంది కానీ, దాని వెనక ఇంకా పెద్దది ఉందని తోచలేదు. తోచే తీరిక ఎక్కడిది, కాళ్ల కింద నేల జారిపోతుంటే.

గోడ మీద ఆ ఫోటో ఉంది. బహుమతి వచ్చిందని తెలిసిన రోజే మొగుడు పెద్దది వేయించి తగిలించాడు. పళ్లమ్మ లేచి దాని ముందు నిలబడింది. తమలపాకు ఆకారంలో కత్తిరించి అతికించినట్టున్న తెల్లటి ముఖం, రెండు నల్లటి కళ్లు. ఇన్నాళ్లూ ఆ కళ్లు తనని చూస్తున్నాయనే అనుకుంది. ఇప్పుడు చూస్తే అవి తన కళ్లలోకి చూడటం లేదు. తన భుజం పక్కనుంచి, కాస్త కిందికి, గోడ వైపు చూస్తున్నాయి. ఆ సాయంత్రం వెనక నుంచి టక్కు టక్కుమని చప్పుడైంది. గాలికి కప్పు రేకు కొట్టుకుంటోంది అనుకుంది. ఆ చప్పుడైన మరుక్షణమే దొరసాని కిటికీలోంచి దూకింది.

"ఆ చప్పుడు ఏమిటి?"

"బిస్కెట్ల డబ్బా మూత," అంది అత్తగారు. "రెండుసార్లు కొట్టి వదుల్తాను. చప్పుడు వింటే వస్తుంది."

పళ్లమ్మకి ఏడుపు రాలేదు. ముందు సిగ్గేసింది. పోయినేడు తన తల్లి పోయాక నెలల తరబడి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని మనిషి ఆవిడ. ఆ పక్షి దగ్గరికి వచ్చిన సాయంత్రం ఇంటికొచ్చి, అమ్మే పంపినట్టుంది అని మొగుడితో చెప్పి వెక్కి వెక్కి ఏడ్చి, ఆ తర్వాత కడుపు నిండా తింది. పంపింది అమ్మ కాదు, బిస్కెట్ల డబ్బా.

ఎందుకు చేశారని అడిగింది. అడిగినట్టు లేదు, కొట్టినట్టుంది. లోపలినుంచి మొగుడు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

అత్తగారు అప్పుడు తలెత్తింది.

"నువ్వు ఉత్త చేతులతో వచ్చిన ప్రతిరోజూ కంచం ముందు కూర్చుని లేచిపోయేదానివి. నా కోసం ఏదీ రాదులే అన్నావు ఒకరోజు. వాడు విన్నాడో లేదో, నేను విన్నాను. నాకొచ్చిన విద్య ఒక్కటేనే అమ్మాయ్, ఎలుకలకి మేత వేయడం. ఈసారి ఎలుకల్నే మేతగా వేశాను."

 పళ్లమ్మ కోపం అలాగే ఉంది, కానీ దాన్ని పెట్టుకోవడానికి చోటు దొరకలేదు. ఇంకెప్పుడూ ఆ డబ్బా ముట్టుకోనని ఒట్టు వేయమంది. అత్తగారు వెంటనే వేసింది. అంత త్వరగా ఒప్పుకునే మనిషి కాదే అని పళ్లమ్మ అనుకునేలోపే, ఆవిడ కొడుకుని పిలిచి తన ఫోను తెమ్మంది.

"ఆ పోగు సంగతి తేలాలి. ముందు అది తేలాలి."

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆ గదిలో పోగు లేని ఎలుకంటే లెక్కకి మించి పుట్టింది, ఏ పరీక్షకీ అక్కర్లేనిది. ఎలాగూ పారేసేవే కాబట్టి, తన చేతి కింద పని నేర్చుకుని ఇప్పుడు ఆ గది చూసుకుంటున్న మనిషిని అడిగి తెచ్చుకుంటోంది. పోగు ఉందంటే ఆ ఎలుక పరీక్షలో ఉందని. అంటే దాని ఒంట్లోకి ఏదో ఒక మందు వెళ్లిందని.

లిఫ్టు మెకానిక్ ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతలి మనిషి నిద్రగొంతుతో అమ్మా అని పలకరించాడు. అత్తగారు కుశల ప్రశ్నలు వేయలేదు. ఎర్ర రంగు పోగు ఎప్పటిది, దేనిది అని అడిగింది. ఆయన నిద్ర వదిలిపోయింది. మీకెలా తెలుసమ్మా అన్నాడు. ఒక దాని చెవిది నా చేతిలో ఉంది అంది ఆవిడ.

 తర్వాత ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు. కిందటి వారం గదికి రంగులు వేస్తూ అరలన్నీ అటూ ఇటూ జరిపారు. కిటికీ పక్క అరలో ఉండేవి ఎప్పుడూ పోగులు లేనివే కదా. ఆ అలవాటు కొద్దీ కిటికీ పక్కనుంచే తీసి డబ్బాలో వేశాడు. చెవులు చూడలేదు.

"మీరే నేర్పారు కదమ్మా. చెవులు చూస్తూ కూర్చుంటే తెల్లారుతుంది, అర చూసి తీసెయ్యమని."

అత్తగారు కళ్లు మూసుకుంది. నేర్పింది నిజమే. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఆ కిటుకు నేర్పి, చురుకైన మనిషని పేరు తెచ్చుకుంది. ఆవిడ కళ్లకి ఈమధ్య పొర కమ్మింది కాబట్టి మసక వెలుతురులో డబ్బాలోంచి వదిలేటప్పుడు తనూ చెవులు చూడలేదు.

ఏం మందో చెప్పమని ఈసారి పళ్లమ్మ అడిగింది.

"ఎలుకల మందేనండీ. కొత్తది. తినగానే చావవు. పైకి బాగానే తిరుగుతుంటాయి, లోపల్లోపల రక్తం కారుతుంది. నాలుగైదు రోజులకి నీరసించి పోతాయి."

వాటిని తిన్నదానికి ఏమవుతుందని పళ్లమ్మ అడగలేదు. గుడ్లగూబల వెంట తిరిగేవాళ్లలో ఆ సంగతి తెలియనివాళ్లు ఉండరు. ఆయనే మళ్లీ చెప్పాడు, విరుగుడు ఇంజక్షన్ ఉందనీ, పశువుల డాక్టరు దగ్గర దొరుకుతుందనీ, కాకపోతే పక్షి పడిపోకముందే వేయాలనీ. చివరిసారి ఎప్పుడు వేశారని అడిగాడు. వారమంతా ఒక్కదాన్నే వెళ్లి వేశాననీ, నిన్న సాయంత్రం కూడా వేశాననీ, పిల్లలున్నాయి కదా అని కాస్త ఎక్కువే వేశాననీ అత్తగారు చెప్పింది.

పిల్లలు. పళ్లమ్మకి అప్పటిదాకా దొరసాని ఒక్కతే కళ్ల ముందు ఆడుతోంది. మిల్లు కప్పు కింద దూలం పక్కన, ఇటుక ఊడిన తొర్రలో మూడు పిల్లలు ఉన్నాయి. ఇంకా రెక్కలు పూర్తిగా రానివి, ఎవరు ఏది తెచ్చినా మింగేసేవి. పైగా గుడ్లగూబలు మిగిలింది పారేయవు. దూలం మీద దాచుకుని తర్వాత పెడతాయి.

 లిఫ్టు మెకానిక్ నిచ్చెన తెచ్చి కారు మీద కట్టాడు. ఎలుకంటే కుర్చీ ఎక్కే మనిషి, తొర్ర దాకా తనే ఎక్కి దాచినవన్నీ ఏరేస్తానన్నాడు. పళ్లమ్మ పశువుల డాక్టరుకి ఫోన్ చేసి మిల్లు దగ్గరికి రమ్మని బతిమాలింది. ఏరిన ఎలుకల్ని వేయడానికి మూత గట్టిగా ఉన్న డబ్బా ఒకటి కావాల్సి వచ్చింది. ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది. దాన్ని అత్తగారు ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటే, పళ్లమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

దారిలో న్యాయనిర్ణేత ఫోన్ వచ్చింది. బహుమతి ప్రకటన పత్రికలకి ఇచ్చేస్తున్నామని చెప్పబోయాడు. పళ్లమ్మ మధ్యలోనే ఆపి, ఆ ఫోటో వెనక్కి తీసుకుంటున్నాననీ, పక్షికి ఎర వేశామనీ చెప్పి పెట్టేసింది. వేశారు అనలేదు, వేశాం అంది. వెనక సీట్లో అత్తగారు ముక్కు చీదుకోవడం వినిపించింది.

మిల్లు ఆవరణలో ఎండ కాస్తోంది. మామూలు రోజుల్లో ఈ వేళకి దొర, దొరసాని లోపల చీకట్లో నిద్రపోతుంటాయి. మనిషి అలికిడికి కన్ను కూడా తెరవవు. లిఫ్టు మెకానిక్ నిచ్చెన కట్లు విప్పుతున్నాడు. అత్తగారు కారు దిగి, మోకాలు పట్టేసి, ఆసరా కోసం పక్కనున్న రాతి అరుగు మీద చెయ్యి వేసింది. ఆ చేతిలోనే డబ్బా ఉంది. అది రాతికి తగిలి టక్కుమంది.

మిల్లు తలుపు సందులోంచి దొరసాని బయటికి వచ్చింది.

ఎగిరి కాదు. నడిచి. పట్టపగలు, మండే ఎండలో, ఒక రెక్క నేల మీద ఈడ్చుకుంటూ, తూలి ఆగుతూ, మళ్లీ అడుగు వేస్తూ డబ్బా చప్పుడైన వైపుకే వచ్చింది. ఆ తెల్లటి ముఖం మీద ముక్కు పక్కన ఎర్రటి మరక ఉంది. ఇన్నేళ్లలో ఏ గుడ్లగూబా పళ్లమ్మకి ఇంత దగ్గరగా రాలేదు. మెడలో కెమెరా ఉన్నట్టే ఆవిడకి గుర్తులేదు. అది వచ్చి అత్తగారి పాదాల దగ్గర ఆగి, మెడ ఎత్తలేక ఎత్తి, మేత కోసం చూసింది.

అత్తగారు నోట్లో కొంగు కుక్కుకుంది. పళ్లమ్మ చున్నీ తీసి పక్షి మీద కప్పి, రెండు చేతులా ఎత్తి గుండెకి పట్టుకుంది. అది గింజుకోలేదు. గింజుకోకపోవడమే భయపెట్టింది. అప్పుడే మిల్లు లోపలినుంచి బుసలు వినిపించాయి. ఆకలేసినప్పుడు పిల్లలు చేసే చప్పుడు.

ముగ్గురూ తలుపు దగ్గరికి పరుగెత్తారు. లోపల పైన దూలం మీద దొర ఉంది. పగటిపూట కదలని పక్షి, పెళ్లాం లేవలేకపోయేసరికి పిల్లల పని తనే ఎత్తుకున్నట్టుంది. ముక్కున ఏదో తెల్లగా వేలాడుతోంది. పళ్లమ్మ పక్షిని మొగుడి చేతుల్లో పెట్టి కెమెరా కంటికి ఆనించింది. ఫోటో కోసం కాదు, దూరానిది దగ్గరగా చూడటానికి. తెల్ల ఎలుక. దాని చెవి దగ్గర ఎర్రటి చుక్క.

తొర్రలోంచి మూడు నోళ్లు తెరుచుకున్నాయి. దొర దూలం మీద తొర్ర వైపు జరిగింది. నిచ్చెన ఇంకా కారు మీదే ఉంది.

"అమ్మాయ్," అంది అత్తగారు.  డబ్బా ఒక చేతిలో, మూత ఒక చేతిలో ఉన్నాయి. "కొడితే ఇటు వస్తుంది. కొట్టనా?"

పొద్దున ఒట్టు వేయించుకున్నది పళ్లమ్మే. ఆ చప్పుడుకి వస్తేనే గదా ఇంత జరిగింది.

"కొట్టండి అత్తయ్యా."

అత్తగారు రెండుసార్లు కొట్టింది.

దొర ఆగింది. తెల్లటి ముఖం మెల్లగా వాళ్ల వైపు తిరిగింది. ఎలుక ఇంకా దాని ముక్కుకే ఉంది. తొర్రలోంచి పెద్ద పిల్ల మెడ చాపి, వేలాడుతున్న ఎలుక తోకని నోట కరుచుకుంది.